చేజారుతున్న ఫొటో ఏది? డిజిటల్ ఎస్ఎల్ఆర్ ఎంపికలో ముందు తేల్చుకోవలసిన సంగతి

డిజిటల్ ఎస్ఎల్ఆర్ కొనదలచినవారిలో ఎక్కువమంది ధరల పట్టికతో మొదలుపెట్టి, తమ చేతిలో ఉన్న సొమ్ముకు అందే వాటిలో అన్నిటికన్నా ఖరీదైన బాడీ ఏదో చూసుకొని, అదే తమకు తగినదన్న నిర్ణయానికి వస్తారు. ధర పెరిగేకొద్దీ ఫొటో నాణ్యత కూడా అదే లెక్కన పెరుగుతుందన్న నమ్మకం ఈ పద్ధతికి ఆధారం. ఆ నమ్మకం చాలావరకు నిలబడదు. పట్టపగలు, కదలని వస్తువును, సమానమైన లెన్స్‌తో, ఒకసారి ప్రాథమిక శ్రేణి కెమెరాతోను, మరొకసారి దానికి నాలుగైదు రెట్లు ఖరీదు చేసే కెమెరాతోను తీసి, రెండు ఫొటోలనూ మామూలు ఆల్బమ్ సైజులో అచ్చువేయించి పక్కపక్కన పెడితే, ఏది దేనితో తీసినదో గుర్తుపట్టడం ఆ వృత్తిలో ఉన్నవారికి సైతం కష్టమవుతుంది. ఉన్నత శ్రేణి కెమెరాకు అదనంగా చెల్లించే సొమ్ములో అధిక భాగం వెలుతురు చాలనప్పుడు, మనిషో పక్షో వేగంగా కదులుతున్నప్పుడు, జల్లు పడుతున్నప్పుడు, మళ్ళీ రాని ఘట్టాన్ని తీయవలసి వచ్చినప్పుడు ఫొటో చేజారకుండా కాపాడే ఏర్పాట్లకు పోతుంది. అందువల్ల ఏ కెమెరా మంచిదని అడిగేముందు, ఎలాంటి ఫొటోలు చేజారుతున్నాయో, ఏ కారణాన చేజారుతున్నాయో తెలిసి ఉండాలి. ఆ కారణం తెలియకుండా పెట్టిన ఖర్చు తగిన చోట పడిందో లేదో కొన్న తరువాత కూడా తేలదు.

ఎస్ఎల్ఆర్ అంటే చూడటానికీ, చిత్రం తీయడానికీ ఒకే లెన్స్‌ను వాడుకొనే కెమెరా. లెన్స్ గుండా వచ్చిన వెలుతురు లోపల ఏటవాలుగా అమర్చిన అద్దం మీద పడి, పైకి మళ్ళి, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌ను చేరుతుంది. షట్టర్ బటన్ నొక్కగానే అద్దం పైకి లేచి, దాని వెనుకనున్న షట్టర్ అనే తెర తెరుచుకొని, వెలుతురు సెన్సర్ మీద పడుతుంది. ఈ నిర్మాణం అన్ని ధరల్లోనూ ఒకటే. 2018లో వచ్చిన నికాన్ డీ3500, అదే ఏడాది భారతదేశంలో కానన్ 1500డీ పేరుతో వచ్చిన నమూనా ప్రాథమిక శ్రేణికి చెందుతాయి. నికాన్ డీ7500, కానన్ 90డీ మధ్య మెట్టు మీద ఉంటాయి. నికాన్ డీ500, డీ850, కానన్ 5డీ మార్క్ 4 ఉన్నత శ్రేణివి. 2002లో కానన్ వృత్తిదారుల కోసం సుమారు 8,000 డాలర్ల ధరకు విడుదల చేసిన 1డీఎస్ సెన్సర్‌లో 11 మెగాపిక్సెళ్ళు ఉండేవి. మరుసటి సంవత్సరం వచ్చిన 300డీ, 1,000 డాలర్ల లోపు ధరకు దొరికిన తొలి డిజిటల్ ఎస్ఎల్ఆర్‌గా పేరు తెచ్చుకున్నప్పుడు దానిలో ఉన్నవి 6.3 మెగాపిక్సెళ్ళే. డీ3500లో 24 మెగాపిక్సెళ్ళు ఉన్నాయి. ప్రాథమిక శ్రేణి అన్న మాట వినగానే నాణ్యత తక్కువ పరికరమని తీర్మానించుకోవడం తగదని ఈ చిన్న చరిత్రే చెబుతుంది.

సెన్సర్ వైశాల్యం రెండు శ్రేణుల మధ్య తరచుగా కనిపించే తేడా. పాత 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ చట్రానికి సమానంగా, 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న సెన్సర్‌ను ఫుల్ ఫ్రేమ్ అంటారు. ప్రాథమిక శ్రేణిలో వాడే ఏపీఎస్-సీ సెన్సర్ నికాన్‌లో సుమారు 23.5, 15.6 మిల్లీమీటర్లు ఉంటుంది, కానన్‌లో ఇంకాస్త చిన్నది. వైశాల్యం లెక్కగడితే ఫుల్ ఫ్రేమ్ దాదాపు 2.4 రెట్లు పెద్దది గనుక, ఒకే అమరికలో అంతకు అంత ఎక్కువ వెలుతురు పోగవుతుంది. మసక వెలుతురులో ఐఎస్ఓ పెంచినప్పుడు, అంటే సెన్సర్ నుంచి వచ్చే సంకేతాన్ని హెచ్చించి చిత్రాన్ని కాంతివంతం చేసినప్పుడు, నీడల్లో రేణువుల్లా కనిపించే నాయిస్ ఆ మేరకు తగ్గుతుంది. అయితే ఉన్నత శ్రేణి కెమెరాలన్నీ ఫుల్ ఫ్రేమ్ కావు. డీ500 ధరలోను, నిర్మాణంలోను ఉన్నత శ్రేణిదే అయినా దానిది ఏపీఎస్-సీ సెన్సరే.

ఈ 2.4 రెట్లను లెన్స్ తెచ్చే తేడాతో పోల్చి చూడనివారు అనవసరపు ఖర్చుకు లోనవుతారు. బాడీతో పాటు ఇచ్చే 18-55 మిల్లీమీటర్ల కిట్ లెన్స్‌ను 55 దగ్గర పెట్టినప్పుడు దాని అపర్చర్, అనగా వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్/5.6 కన్నా పెద్దదిగా తెరుచుకోదు. ఎఫ్ పక్కనున్న అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది, లోపలికి వచ్చే వెలుతురు ఆ అంకెల నిష్పత్తి వర్గాన్ని బట్టి మారుతుంది. ఆ లెక్కన 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్స్ కిట్ లెన్స్ కన్నా దాదాపు 9.7 రెట్ల వెలుతురును లోపలికి రానిస్తుంది. కానన్‌లోను, నికాన్‌లోను అతి చవకగా దొరికే లెన్స్‌లలో ఇదొకటి. ఫుల్ ఫ్రేమ్ బాడీకి కిట్ తరహా ఎఫ్/5.6 లెన్స్ తగిలించి మసక వెలుతురులో నిలబడిన వ్యక్తి కన్నా, ప్రాథమిక బాడీకి ఈ చిన్న లెన్స్ తగిలించినవారు తక్కువ ఐఎస్ఓతో పని నడుపుకోగలుగుతారు. అపర్చర్ పెద్దదైనప్పుడు స్పష్టంగా కనిపించే లోతు తగ్గిపోతుందనీ, వధువు కన్ను స్పష్టంగా వస్తే పక్కన అర అడుగు వెనుకనున్న వరుడి ముఖం మసకబారవచ్చుననీ ఇక్కడ ఆక్షేపించవచ్చు. ఆక్షేపణ సరైనదే గాని, అది పెద్ద సెన్సర్‌కూ వర్తిస్తుంది: చట్రంలో అంతే దృశ్యం నింపుతూ అదే అపర్చర్‌ను వాడితే ఫుల్ ఫ్రేమ్‌లోనూ లోతు తగ్గుతుంది, దాన్ని సరిచేయడానికి అపర్చర్‌ను మూస్తూ పోతే పెద్ద సెన్సర్ ఇచ్చిన వెలుతురు లాభం కాస్తా హరించుకుపోతుంది. ఈ ఒక్క లెక్క మనసుకు పట్టినవారు దుకాణంలో బాడీల ముందు గడిపే సమయాన్ని సగానికి తగ్గించుకొని, మిగిలిన సగం లెన్స్‌ల ముందు గడుపుతారు.

నిజమైన అంతరం ఫోకస్ దగ్గర మొదలవుతుంది. డీ3500లో ఫోకస్ బిందువులు 11, 1500డీలో 9. రెండింటిలోనూ నిలువు గీతలనూ అడ్డ గీతలనూ సమానంగా పట్టుకోగల క్రాస్ టైప్ బిందువు మధ్యలో ఒక్కటే. డీ7500లో 51 బిందువులుండగా, డీ500లో 153 ఉన్నాయి, వాటిలో 99 క్రాస్ టైప్‌వి. గుంటూరు దగ్గరి ఉప్పలపాడులోనో, కొల్లేటి ఒడ్డున ఆటపాకలోనో చెట్టు మీద గూట్లో కూర్చున్న గూడబాతును తీయడానికి 11 బిందువులు ధారాళంగా సరిపోతాయి. పైగా ఏపీఎస్-సీ సెన్సర్ మీద 300 మిల్లీమీటర్ల లెన్స్, ఫుల్ ఫ్రేమ్ మీద 450 మిల్లీమీటర్ల లెన్స్ చూపేంత దగ్గరగా చూపుతుంది. 45.7 మెగాపిక్సెళ్ళ డీ850తో తీసిన చిత్రాన్ని అదే మేరకు కత్తిరిస్తే మిగిలేది 19 మెగాపిక్సెళ్ళ పైచిలుకు మాత్రమే గనుక, పక్షి మీద పడే పిక్సెళ్ళ సంఖ్యలో 24 మెగాపిక్సెళ్ళ డీ3500 ఏమీ తీసిపోదు. అదే గూడబాతు రెక్కలు విప్పి నీటి మీదికి దిగుతున్నప్పుడు పరిస్థితి తలకిందులవుతుంది. పక్షి మధ్య బిందువు దాటి పక్కకు జరిగిన మరుక్షణం ప్రాథమిక కెమెరా వెనుకనున్న చెట్టు మీద ఫోకస్ చేసుకొంటుంది, ఉన్నత శ్రేణి కెమెరా బిందువు నుంచి బిందువుకు పక్షిని అప్పగించుకుంటూ వెంబడిస్తుంది. 1500డీ సెకనుకు 3 ఫొటోలు, డీ3500 5 తీస్తే డీ500 10 తీస్తుంది; అంతకన్నా ముఖ్యంగా, ఫొటోలు కార్డుకు చేరేలోగా నిలవ ఉండే బఫర్ అనే తాత్కాలిక జ్ఞాపకం డీ500లో చాలా పెద్దది కావడం వల్ల, సెన్సర్ సమాచారమంతటినీ నిలిపి ఉంచే రా ఫైళ్ళను సైతం ఆగకుండా 200 దాకా తీయగలదు. పక్షులు, కబడ్డీ, క్రికెట్, నృత్య ప్రదర్శనలు ప్రధానంగా తీసేవారికి ఇది విలాసం కానే కాదు.

వ్యూఫైండర్ గురించి దుకాణాల్లో ఎవరూ చెప్పరు, చాలామంది అడగరు. ప్రాథమిక శ్రేణిలో బరువూ ఖర్చూ తగ్గించడానికి గాజు పట్టకానికి బదులు అద్దాల కూర్పును వాడతారు, దానిలో దృశ్యం కాస్త చిన్నగా, మసకగా ఉంటుంది. డీ3500 వ్యూఫైండర్ నిలువున, అడ్డంగా 95 శాతం చొప్పున చూపుతుంది, అంటే వైశాల్యంలో దాదాపు పదో వంతు కంటికి కనిపించకుండానే ఫొటోలోకి చేరుతుంది. ఎంతో జాగ్రత్తగా కూర్చిన చట్రం అంచున ఎవరిదో మోచెయ్యి ప్రత్యక్షమయ్యేది అందుకే. డీ500, డీ850 పూర్తిగా 100 శాతం చూపుతాయి. వీటిలో అపర్చర్‌కు ఒకటి, షట్టర్ వేగానికి ఒకటి చొప్పున రెండు తిరుగుడు చక్రాలు ఉండటం వల్ల కన్ను తీయకుండానే అన్నీ మార్చుకోవచ్చు. ఒకే చక్రం ఉన్న ప్రాథమిక కెమెరాలో బటన్ నొక్కి పట్టుకొని తిప్పవలసి వస్తుంది. ఇది నేర్చుకొనే దశలో ఇబ్బందిగా తోచదు గాని, చేతివేళ్ళు ఆలోచనతో సమానంగా పరుగెత్తడం మొదలైన దశలో గట్టి అడ్డంకిగా మారుతుంది.

పెళ్ళిళ్ళు తీసేవారి విషయం వేరుగా చెప్పుకోవాలి. తెలుగువారి పెళ్ళిలో జీలకర్ర-బెల్లం పెట్టే సుముహూర్తం నిమిషాలతో సహా నిర్ణయమై ఉంటుంది, చాలాసార్లు అది అర్ధరాత్రో తెల్లవారుజామునో వస్తుంది, తెర తొలగిన ఆ క్షణం రెండోసారి రాదు. ఆ రాత్రి తీసిన ఫొటోలున్న కార్డు పాడైతే ఏ క్షమాపణా దానిని తిరిగి తేలేదు. డీ500, డీ850, 5డీ మార్క్ 4 వంటి కెమెరాల్లో రెండు కార్డులకు చోటుండి, ప్రతి ఫొటోను రెండింటిలోనూ ఏకకాలంలో రాసుకొనే వీలుండటం వృత్తిదారుకు అన్నిటికన్నా విలువైన సదుపాయం. ప్రాథమిక శ్రేణిలో అది లేదు, మధ్య శ్రేణిలోని డీ7500లోనూ కార్డుకు ఒక్కటే చోటు. 5డీ మార్క్ 4 షట్టర్‌ను 1,50,000 సార్లకు, డీ850 షట్టర్‌ను 2,00,000 సార్లకు తయారీదారులు పరీక్షించి చెప్పారు. పెళ్ళికి రెండు మూడు వేల చొప్పున తీసేవారికి ఈ అంకెలు త్వరగానే దగ్గరపడతాయి, ఏడాదికి అయిదు వేలు తీసే గృహస్థుకు జీవితకాలం సరిపోతాయి. కీళ్ళ దగ్గర రబ్బరు అంచులతో దుమ్మునూ తేమనూ అడ్డుకొనే బాడీ నిర్మాణం కూడా ఊరేగింపులో జల్లు పడినప్పుడు అక్కరకు వస్తుంది.

మెగాపిక్సెళ్ళ విషయంలో మాత్రం వృత్తిదారులు సైతం అనవసరంగా కలవరపడుతుంటారు. మన పెళ్ళి ఆల్బమ్‌లలో వాడుకలో ఉన్న 12×36 అంగుళాల షీటులో ఒక వైపు పేజీ 12×18 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చువేయడానికి 3600×5400, అంటే సుమారు 1.94 కోట్ల పిక్సెళ్ళు కావాలి. 6000×4000 పిక్సెళ్ళ ప్రాథమిక కెమెరా ఆ పేజీని నింపి, ఇంకా కొంత కత్తిరించుకోవడానికి చోటు మిగులుస్తుంది. 45 మెగాపిక్సెళ్ళ కెమెరా ఫైళ్ళు ఆల్బమ్‌కు కలిపే అందం తక్కువ, కంప్యూటర్ మీద, హార్డ్ డిస్కుల మీద పెట్టించే ఖర్చు ఎక్కువ. పైగా చేతి వణుకునూ, లెన్స్ లోపాలనూ అవి మరింత స్పష్టంగా బయటపెడతాయి.

పై మెట్టుకు ఎక్కేవారు గానీ, కింది మెట్టు దగ్గర ఆగేవారు గానీ ముందుగా తెలుసుకోవలసిన కొన్ని చిక్కులున్నాయి. డీ3500లో ఫోకస్ మోటారు బాడీలో ఉండదు గనుక, తమలో మోటారు లేని ఏఎఫ్-డీ రకం పాత నికాన్ లెన్స్‌లు దానికి తగులుతాయి గాని వాటంతట అవి ఫోకస్ చేయవు. ఇంట్లో ఉన్న పాత లెన్స్‌ను నమ్ముకొని బాడీ కొన్నవారికి ఇది బాధ కలిగిస్తుంది. డీ7500లో మోటారు ఉంది. దీనికి విరుద్ధంగా, డీ500, డీ850, 5డీ మార్క్ 4లలో బాడీ మీద లేచే చిన్న ఫ్లాష్ లేదు, వేరే కొనాలి. బరువునూ లెక్కలోకి తీసుకోవాలి: డీ3500 బ్యాటరీ, కార్డుతో కలిపి 415 గ్రాములు, డీ850 కిలో పైమాట, దానికి తగిన 24-70 ఎఫ్/2.8 లెన్స్ మరో కిలో. ప్రయాణాల్లోనూ, పిల్లలతో వెళ్ళిన చోట్లా రెండు కిలోల బరువు మెడకు వేలాడుతుంటే, ఆ కెమెరా క్రమంగా ఇంట్లోనే ఉండిపోతుంది.

ఇంట్లో ఉండిపోయిన కెమెరాకు మన వాతావరణంలో ఒక ముప్పు ఉంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతపు ఊళ్ళలో గాలిలోని తేమ వల్ల, బీరువాలో బట్టల మధ్య దాచిన లెన్స్ లోపలి గాజు మీద సాలెగూడు ఆకారంలో బూజు పాకుతుంది, ముదిరితే గాజు పూతను శాశ్వతంగా తినేస్తుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, జెల్ రంగు మారినప్పుడల్లా మార్చుకోవడం, లేదా తేమను అదుపులో ఉంచే డ్రై క్యాబినెట్ కొనుక్కోవడం బాడీ ఎంపికతో సమానమైన ప్రాముఖ్యం గల విషయం. నెలవారీ వాయిదాల మీద అతి ఖరీదైన బాడీ కొని, లెన్స్‌కు గానీ, ట్రైపాడ్‌కు గానీ, ఈ భద్రతకు గానీ ఏమీ మిగుల్చుకోలేని కుటుంబాల పట్ల జాలి కలుగుతుంది. వాయిదాలు తీరేసరికి కెమెరా వాడకమే ఆగిపోయి ఉంటుంది. మొత్తం బడ్జెట్‌లో బాడీకి సగానికి మించకుండా చూసుకొని, మిగిలినది లెన్స్‌లకూ తక్కిన అవసరాలకూ కేటాయించడం మొదటిసారి కొనేవారికి క్షేమకరం. బాడీలు కొన్నేళ్ళకే పాతబడతాయి, మంచి లెన్స్ రెండు మూడు బాడీల కాలం పనిచేస్తుంది.

ఇప్పటికే ఏదో ఒక కెమెరా వాడుతున్నవారు గత ఏడాది తీసిన ఫొటోలలో పనికిరావని పక్కనపెట్టిన వాటిని ముందేసుకొని, ప్రతిదానికీ ఎందుకు పాడైందో రాసుకోవాలి. చెరిపేయాలనిపించే వాటిని శ్రద్ధగా చూడటం మనసుకు కష్టమే అయినా, ఎంపికకు ఇంతకన్నా నమ్మదగిన ఆధారం దొరకదు. చేతి వణుకు వల్ల మసకబారినవి, మధ్యాహ్నపు ఎండలో కళ్ళ కింద నీడలు పడినవి, చట్రం సరిగా కూర్చనివి ఎక్కువగా తేలితే, వాటికి మందు అభ్యాసం. ఏ బాడీ వాటిని బాగుచేయదు. మసక వెలుతురులో షట్టర్ వేగం చాలక పోయినవి ఎక్కువైతే పెద్ద అపర్చర్ లెన్స్ కావాలి. ఎఫ్/1.8 లెన్స్‌తోనే తీస్తూ, సరైన వేగం పెట్టినా కదిలే వ్యక్తి మీద ఫోకస్ తప్పుతుంటే, లేదా కీలక ఘట్టంలో బఫర్ నిండి కెమెరా ఆగిపోతుంటే, అప్పుడు బాడీ మార్చవలసిన సమయం వచ్చిందని నిస్సంకోచంగా చెప్పవచ్చు. తోటివారి చేతిలో పెద్ద కెమెరా చూసి కలిగిన చిన్నతనం ఈ జాబితాలో ఏ గడిలోనూ ఇమడదు. వృత్తిదారుల విషయంలో మాత్రం ఒక మినహాయింపు న్యాయం: పెళ్ళి మాట్లాడుకోవడానికి వచ్చిన కుటుంబం కెమెరా పేరు అడిగి మరీ నిర్ణయించుకొనే పరిస్థితి ఉన్నప్పుడు, బాడీ హోదా కూడా వ్యాపారపు పెట్టుబడిలో భాగమే అవుతుంది. మొదటిసారి కొనేవారికి చేజారిన ఫొటోల జాబితాయే ఉండదు గనుక, వారికి ప్రాథమిక బాడీ, ఒక 35 లేదా 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్స్, ఏడాది పాటు విరివిగా వాడకం సరైన ప్రారంభం.

ఈ ఎంపికను కాలం కొంత మార్చింది. 2018లో కానన్ ఆర్‌ఎఫ్, నికాన్ జడ్ అనే కొత్త లెన్స్ మౌంట్‌లను ప్రవేశపెట్టిన నాటి నుంచి ఆ రెండు సంస్థల దృష్టీ లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల మీదికి మళ్ళింది. అంటే డిజిటల్ ఎస్ఎల్ఆర్‌కు కొత్త లెన్స్‌లు వస్తాయని ఆశించలేము. అయితే 1987 నుంచి వచ్చిన కానన్ ఈఎఫ్ లెన్స్‌లు, 1959లో మొదలైన నికాన్ ఎఫ్ మౌంట్ లెన్స్‌లు అపారంగా ఉన్నాయి, వాటిలో చాలావాటిని అడాప్టర్‌తో కొత్త కెమెరాలకూ తగిలించుకోవచ్చు. మిర్రర్‌లెస్‌కు మారిపోతున్న వృత్తిదారులు వదిలించుకొంటున్న ఉన్నత శ్రేణి బాడీలు సెకండ్ హ్యాండ్‌లో కొత్తనాటి ధరలో కొద్ది భాగానికే దొరుకుతున్నందువల్ల, అవసరం స్పష్టంగా తెలిసినవారికి పై మెట్టు మునుపెన్నడూ లేనంత అందుబాటులోకి వచ్చింది.

అలా కొనేటప్పుడు షట్టర్ ఇప్పటికి ఎన్నిసార్లు పనిచేసిందో తెలిపే షట్టర్ కౌంట్ చూపించమని అడగాలి, అది తయారీదారు చెప్పిన సంఖ్యలో సగం దాటితే ధర ఆ మేరకు తగ్గాలి. తెల్ల గోడనో, ఖాళీ ఆకాశాన్నో ఎఫ్/16 వద్ద తీసి, ఫొటోను తెర మీద పెద్దది చేసి చూస్తే సెన్సర్ మీది దుమ్ము, మచ్చలు బయటపడతాయి; లెన్స్‌ను రెండు వైపులా మూతలు తీసి, అపర్చర్ తెరిచి, ఒక వైపు నుంచి టార్చి వేసి చూస్తే బూజు తీగలు కనిపిస్తాయి. రెండు కార్డు చోట్లలోనూ కార్డులు పెట్టి తీసి చూడాలి, రెండు చక్రాలూ తిప్పి చూడాలి, సొంత లెన్స్ తీసుకువెళ్ళి దూరంగా నడుస్తున్న మనిషి మీద ఫోకస్ నిలుస్తున్నదో లేదో పరీక్షించాలి. కెమెరా భారతదేశంలో బిల్లుతో అమ్మినదా, విదేశం నుంచి వారంటీ లేకుండా వచ్చినదా కనుక్కోవాలి. ఇంకా సందేహం తీరనివారు హైదరాబాద్, విజయవాడ వంటి నగరాల్లో రోజువారీ అద్దెకు దొరికే కెమెరాలలో తాము కొనదలచిన నమూనాను ఒక పెళ్ళికో, ఒక ఉదయం చెరువు గట్టు మీదికో తీసుకువెళ్ళి, ఆనాటి ఫైళ్ళను తమ పాత కెమెరాతో తీసినవాటి పక్కన పెట్టి, ముందు రాసుకున్న కారణాలలో ఎన్ని మాయమయ్యాయో లెక్కపెట్టుకోవచ్చు.